మామయ్య టెస్ట్ బల్బు

ఆ రోజు ఒప్పు నాదా, మామయ్యదా అన్నది పందొమ్మిదేళ్ళుగా నాకు తేలలేదు. తేల్చమని ఎవరూ అడిగిందీ లేదు. పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడించి కళ్ళు మూసుకుంటాను కదా, ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం, పిల్లల చదువు, పనిలో కుదురు, ఇవన్నీ అడగడం అయ్యాక చివర్లో ఈ సంగతి వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది, పిలిస్తేగాని లోపలికి రాని మనిషిలాగా. నేను రమ్మనను, పొమ్మనను, కళ్ళు తెరిచి లేచి చొక్కా వేసుకుంటాను. ఇప్పుడు మాత్రం లేచే వీలు లేదు. ఈ ఇంటిబండిలో వెనకవైపు మంచం కింద ఉన్న అరలోకి నడుము దాకా దూరి, నోట్లో టార్చి కరుచుకుని, భుజం ఒక చెక్కకీ చెవి ఇంకో చెక్కకీ ఆనించి పడుకుని ఉన్నాను. ఆ పాత సంగతి నా ముక్కుకి జానెడు దూరంలో, మైనం పూసిన దారంతో ముడులు వేసిన వైర్ల కట్టగా వేలాడుతోంది. అవి మామయ్య ముడులు. అలాంటి ముడి ఇంకెవరూ వేయరు.

బండి పొద్దున తొమ్మిదింటికే వచ్చింది, నాకు ఖాళీ అయ్యేసరికి మూడయింది. పాత మోటార్ హోమ్. లోపలే వంటగట్టు, మడతపెట్టే బల్ల, వెనక మంచం, పక్కన మనిషి తిరగడానికి వీల్లేనంత స్నానాల గది. నడుపుకుంటూ వచ్చినావిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయిందట, రెండు నెలల కిందట కొనుక్కుని ఇందులోనే ఉంటూ ఊళ్ళు తిరుగుతోంది. లోపల వెనకవైపు లైట్లు మసకగా వెలుగుతున్నాయని, రెండోది వేస్తే మొదటిది ఇంకా మసకబారుతోందని, ముందు లైట్లకి ఏ రోగమూ లేదని, డాక్టరుకి చెప్పినట్టు వరసగా చెప్పింది. ఒకాయన ఫ్యూజు మార్చాడట, ఇంకొకాయన బ్యాటరీయే మార్చాడట. అన్నీ విని నేను తలూపుతుంటే ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "మీరు చూసేవాళ్ళా, మార్చేవాళ్ళా?" అని అడిగింది. ముందు చూస్తానండీ అన్నాను. నాలుగింటి దాకా చూడమంది. దొరక్కపోతే రేపు వేరేచోట లోపలున్న వైరింగంతా పీకించి కొత్తది వేయించడానికి మాట్లాడేసుకుందట. చీకటంటే తనకు భయం లేదని, పడుకునే ముందు చదువుకోలేకపోతే మాత్రం ఆ పూట తిండి తిననట్టు ఉంటుందని అంది. అని, షెడ్డు నీడలో మడతకుర్చీ వేసుకుని లావుపాటి పుస్తకం తెరిచింది. పేజీ తిప్పినప్పుడల్లా నాకు వినిపిస్తోంది.

బండికి రంగు మార్చారు కాబట్టి నేను పోల్చుకోలేదు. ముందు సీటు కింద బ్యాటరీ పక్కన ఫ్యూజుల మూత తీశాక ఆ ముడులు కనిపించాయి. వేలెడంత దూరానికి ఒకటి, అన్నీ ఒకే వైపు తిరిగి, జడ అల్లినట్టు. తీరిగ్గా గుర్తు తెచ్చుకోవడానికి నాకున్నది గంట. ఆ తర్వాత ఇదంతా పీకి కుప్పగా పడేస్తారు, రాగి కరిగిపోతుంది, మామయ్య ముడులు కాలిపోతాయి, వాటితోపాటు ఆ రోజు ఎవరిది ఒప్పో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షి పోతుంది. సాక్షి అంటున్నాను, వైరుని. మా ఆవిడ వింటే నవ్వుతుంది, మనుషులతో మాట్లాడమంటే నోరు పెగలదు, వైర్లతో మాత్రం ఊసులాడతారు అంటుంది. నిజమే, వైరు ఎదురు మాట అనదు.

మామయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. పదో తరగతి తర్వాత చదువు నాకు ఎక్కలేదు, ఆయన దగ్గరికి పంపారు. ఆయన పద్ధతులు ఆయనవి. వైరు తొడుగు పళ్ళతో లాగితే ఊరుకునేవాడు కాదు. బిగించిన ప్రతి బోల్టునీ ఒకసారి విప్పించి మళ్ళీ బిగింపించేవాడు, ఎందుకంటే మొదటిసారి చెయ్యి తొందరపడుతుందనేవాడు. ఆయన దగ్గర మీటరు లేదు. చిన్న బల్బు, దానికి రెండు వైర్లు, ఒక వైరు కొసకి క్లిప్పు, ఇంకోదాని కొసకి సూది, అదే ఆయన టెస్ట్ బల్బు. ఏ వైరులో ఎంత సత్తువ ఉందో ఆ బల్బు వెలుగు చూసి చెప్పేవాడు, వంటచేసేవాళ్ళు ఆవిరి వాసన చూసి ఉప్పు సంగతి చెప్పినట్టు. నాకు ఇరవైనాలుగేళ్ళు వచ్చేసరికి నా డబ్బుతో మీటరు కొన్నాను. అంకెలు చూపించే మీటరు. దాన్ని రోజుకి రెండుసార్లు తుడిచేవాణ్ణి. మామయ్య దాన్ని చూసి, బాగుంది, టైం కూడా చెబుతుందా అని అడిగాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, లోపల మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

"దొరికిందా?" బయటినుంచి టీచరమ్మ. హోంవర్కు అడిగే గొంతు. వెతుకుతున్నానండీ అన్నాను, నోట్లో టార్చి ఉంది కాబట్టి ఆవిడకేం వినిపించిందో.

ఈ బండి అప్పట్లో ఫొటోలు తీసే ఒకాయనది. ఖాళీ బండి తెచ్చి లోపల ఇల్లులాగా వైరింగు చేయమన్నాడు. పదిహేను రోజులు చేశాం. అప్పగించే రోజు ఆయన వచ్చి వెనక మంచం మీద కూర్చుని స్విచ్చి వేస్తే లైటు మసకగా వెలిగింది, రెండోది వేస్తే రెండూ మసకబారాయి. అచ్చం ఇవాళ్టిలాగే. మామయ్య ఒక్క క్షణం చూసి, వెనక ఎర్త్ అందడం లేదు అన్నాడు. ఎర్త్ అంటే వేరే ఏం లేదు, బ్యాటరీ నుంచి వెళ్ళిన కరెంటు లైటులో పని చేసి తిరిగి రావడానికి బండి ఇనుప చట్రమే దారి, ఆ దారికి వైరుని కలిపే బోల్టు. వెళ్ళే దారి ఎంత బాగున్నా తిరిగొచ్చే దారి బాగులేకపోతే లైటు వెలగదు. నేను వినలేదు. బల్బు పీకి, హోల్డరులో నా మీటరు పుల్లలు పెట్టాను. పన్నెండున్నర వోల్టులు. నిండుగా ఉంది. ఆ అంకె ఫొటోలాయనకి చూపించాను, వైరింగులో దోషమేమీ లేదండీ, లైట్లే నాసిరకం అన్నాను. మామయ్య తన టెస్ట్ బల్బు నా చేతిలో పెట్టి, "ఇది పెట్టి చూడరా" అన్నాడు. అప్పుడు నేనన్న మాట ఇది, అక్షరం మార్చకుండా చెప్పగలను: "మామయ్యకి ఈమధ్య వెలుతురు సరిగా ఆనడం లేదండీ." ఫొటోలాయన నవ్వాడు. మామయ్య కూడా కొంచెం నవ్వినట్టే గుర్తు. టెస్ట్ బల్బుని నేను పెట్టి చూడలేదు, చుట్టచుట్టి నా పెట్టెలో పడేశాను.

కొత్త లైట్లు తెచ్చి వేశాను. ఫొటోలాయన ఒక్కటి వేసి చూసుకున్నాడు, బాగానే వెలిగింది, చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. ఆ కొత్త లైట్లు పాతవాటిలో సగం వాట్లవి. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. తక్కువ తాగే దీపం కాబట్టి ఆ కాస్త దారిలోనే సరిపెట్టుకుంది అన్నది చాలా ఏళ్ళ తర్వాత, వేరే బండి కింద పడుకుని ఉండగా తట్టింది. అప్పటినుంచే అనుమానం. అంతకుముందు అనుమానం కూడా లేదు, గెలిచానని ఉండేది. మామయ్య ఆ నెలాఖరుకల్లా బండ్ల పని మానేశాడు. ఎవరడిగినా, చూపు ఆనడం లేదని చెప్పేవాడు. నా మాటే. ఇంటి ముందు గదిలో ఫ్యాన్లకీ మోటార్లకీ తీగ చుట్టడం మొదలుపెట్టాడు. తలవెంట్రుకంత సన్నని రాగితీగ, వందల చుట్లు, ఒక్క చుట్టు తప్పినా ఫ్యాను తిరగదు. చూపు ఆనని మనిషి చేసే పని కాదది. నేను చూస్తూనే ఉన్నాను, ఏనాడూ ఆ మాట అనలేదు. పెళ్ళిళ్ళకీ చావులకీ కలుస్తాం, వాళ్ళింటికి వెళతాం, అత్తయ్య కాఫీ ఇస్తుంది, మామయ్య పిల్లల గురించి అడుగుతాడు. కిటికీ పక్కన గోడకి ఒక మేకు ఉంటుంది. టెస్ట్ బల్బు తగిలించే మేకు. పందొమ్మిదేళ్ళుగా దానికి ఆయన ఇంకేదీ తగిలించలేదు, క్యాలెండరు కూడా పక్క మేకుకే ఉంటుంది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ మేకుకి వీపు పెట్టి కూర్చుంటాను. బల్బు మాత్రం నా పెట్టె అడుగున ఉంది. ఇచ్చేయొచ్చు కదా అని మా ఆవిడ రెండు మూడుసార్లంది. ఇవ్వడానికేం, నిమిషం పని. ఇస్తూ ఏమనాలి అన్నదే తెలియలేదు. పెట్టి చూశాను అనాలి కదా. చూడలేదు.

మూడున్నర అయి ఉంటుంది. మెడ పట్టేస్తోంది. ఇందాక ఈ అరలోకి దూరేముందు మళ్ళీ అదే పని చేశాను, బల్బు తీసి మీటరు పెట్టాను, పన్నెండున్నర. ఈసారి బల్బు తీయకుండా, అది వెలుగుతుండగా పెట్టాను. ఐదు. మీటరు కరెంటు తాగదు, ఊరికే చూసి చెబుతుంది. తాగే దీపం ఉన్నప్పుడే దారి ఇరుకు బయటపడుతుంది. ఇది ఇప్పుడు నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అలాంటప్పుడు పొద్దున చేతులు జోడించి నేను చేసేదేమిటి అని ఒక ఆలోచన, ఎక్కడిదో, ప్లైవుడ్డు వాసనలో. అన్నీ అడుగుతాను, బరువుండేది ఒక్కటీ అడగను. ఆ రోజు తప్పు నాదైతే చెప్పు స్వామీ, నేను మోస్తాను అని ఒక్కరోజు అన్నానా? అనలేదు. అందుకే రోజూ పన్నెండున్నరే కనిపిస్తోంది. మరి ఆయన కూడా చెప్పొచ్చు కదా, అడగకపోయినా? దేవుణ్ణి అలా నిలదీయకూడదంటారు. నిలదీయడం కాదు, అడుగుతున్నాను.

వెనక ఎర్త్ ఎక్కడ బిగించారో కనిపించాలి. వైర్ల కట్ట ముడి ముడికీ చెయ్యి పెట్టి తడుముతూ వెళుతున్నాను, చివరి ముడి దాటాక ఒక్క నల్ల వైరు విడిపోయి నీళ్ళ తొట్టి వెనక్కి తిరిగింది. ఇంకొంచెం దూరాలి. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని జరిగాను. ఇరుక్కుపోయాను. ముందుకి రాదు, వెనక్కి రాదు. బెల్టు బకిలు చెక్కకి పట్టుకుంది. నవ్వొచ్చింది. ఇంత సందులోకి దూరి బోల్టు బిగించడమేమిటి, మామయ్య ఏమనుకుని... అని అనుకుంటూ అక్కడే ఆగాను. మామయ్య ఇందులోకి ఎలా దూరాడు? ఇప్పుడు నాది పొట్టే కాదు, ఆయన పొట్ట ముందు. మామయ్య కుర్చీలోంచి లేవాలంటే కుర్చీ కూడా ఆయనతోపాటు లేచేదని అత్తయ్య అంటుండేది. అప్పటికే ఆయనకి యాభై. ఈ అరలోకి ఆయన తల, ఒక చెయ్యి, అంతే. ఈ చివరి ముడి దాకా అందుకున్నాడు, దారం కట్టాడు. ఆ తర్వాత దూరింది ఎవరు? బక్కగా వెదురుకర్రలా ఉన్నవాడు, ఈ మూలకి పాములా పాకి వెళ్ళగలిగినవాడు, ఆ షెడ్డులో ఒక్కడే.

బెల్టు విప్పి, చెయ్యి చాచి, టార్చి తిప్పి చూశాను. చట్రానికి బోల్టు, బోల్టు మీద పసుపు టేపు. దుమ్ము పట్టి గోధుమరంగయింది, గోరుతో గీకితే పసుపే. ఆ రోజుల్లో నేను చేసిన ప్రతి అతుకుకీ పసుపు టేపు చుట్టేవాణ్ణి, ఎవరు చేశారో చూడగానే తెలియాలని. వైరుకి చొక్కా తొడుగుతున్నావేమిట్రా అనేవాడు మామయ్య, చొక్కా కింద దద్దురు ఉంటే ఎవరికి కనబడుతుంది అనేవాడు. టేపు విప్పాను. వైరు కొసనున్న రాగి రింగు కింద బూడిదరంగు పెయింటు. చట్రం తుప్పు పట్టకూడదని మొత్తం పెయింటు వేసింది నేనే. ఎంత నున్నగా వేశానో మెచ్చుకున్నారు కూడా. ఆ నునుపు పోతుందని గీకకుండా పెయింటు మీదే రింగు పెట్టి బిగించాను. పెయింటు కరెంటుని పోనివ్వదు, బోల్టు మరల్లోంచి ఏ కాస్తో పోయింది. ఆ కాస్త దారినే మీటరు చూసి నిండుగా ఉందంది. అదంతా ఇప్పుడు ఎదురుగా ఉంది, గోరు కింద పసుపు ముక్కతో సహా. చేతిలో పని ఉన్నప్పుడు నాకు ఏదీ వెంటనే అందదు, ఎప్పుడో అన్నం తింటూ అందుతుంది.

అయినా ఒకటి మిగిలింది. పెట్టె కాలితో లాక్కుని, అడుగున తడిమి, టెస్ట్ బల్బు తీశాను. క్లిప్పు కొస లైటుకి వెళ్ళే ఎర్ర వైరుకి పట్టించాను, సూది కొస ఆ రాగి రింగుకి ఆనించాను. బల్బులో తీగ ఎర్రగా, ఆరిపోబోతున్న నిప్పురవ్వలా కనిపించింది, అంతే. పక్కనే పెయింటు పైసంత మేర గీకి, మెరిసే ఇనుముకి సూది పెట్టాను. అరంతా తెల్లగా వెలిగింది. నీళ్ళ తొట్టి, ఎవరిదో పోయిన దువ్వెన, సాలెగూడు, మామయ్య చివరి ముడి. పెట్టి చూడరా అన్నాడు. చూశాను. చూస్తూ కాసేపు ఆర్పకుండా ఉంచాను. ఆ రోజు ఈ సూది రెండుచోట్ల ఆనిస్తే, అది నా బోల్టని అందరిముందూ తెలిసేది. ఆయనకి ముందే తెలుసు, ఆ మూలకి తను దూరలేడని తనకంటే ఎవరికి తెలుసు. నీ బోల్టే అని అనలేదు. వెనక ఎర్త్ అన్నాడు, అంతే. కొత్తగా పని పట్టుకుంటున్నవాడి మాట పోకూడదని అనుకున్నాడా, లేక వాడే చూసుకుంటాడులే అనుకున్నాడా. నేను చూసుకోలేదు, ఆయన కళ్ళ మీదికి తోశాను. ఆయన ఆ మాటని ఇంటికి తీసుకెళ్ళి తనదిగా చెప్పుకున్నాడు.

బోల్టు విప్పాను, పెయింటంతా గీకాను, రింగు రెండువైపులా గరుకు కాగితంతో రుద్దాను, గ్రీజు రాసి బిగించాను. విప్పి మళ్ళీ బిగించాను. టేపు చుట్టలేదు. బయటికి రావడానికి దూరడానికంటే ఎక్కువసేపు పట్టింది.

టీచరమ్మ లోపలికి వచ్చి స్విచ్చి వేసింది. ఒకటి, రెండు, మూడు, స్నానాల గదిది కూడా. ఏదీ మసకబారలేదు. తిండి గింజలు చూసినట్టు పుస్తకం దీపం కింద పెట్టి ఒక వాక్యం చదువుకుంది. ఏం మార్చారు అని అడిగింది. ఏమీ మార్చలేదండీ, పెయింటు గీకాను అన్నాను. ఎవరో మూర్ఖుడు పెయింటు మీద బిగించాడన్నమాట అంది. అవునన్నాను. "ఆ మూర్ఖుడు నేనేనండీ" అని కూడా అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది, లెక్క తప్పు చేసినవాడు తనంతట తానే దిద్దుకుంటే ఎలా చూస్తారో అలా. వైరింగు పీకించక్కర్లేదు కదా అని మాత్రం అడిగింది. ఆ ముడులు ఇంకో నలభయ్యేళ్ళు ఊడవండీ అన్నాను. బండి కదిలి వీధి మలుపు తిరిగేదాకా వెనక కిటికీలో లైటు వెలుగుతూనే ఉంది, ఎండలోనే, ఆర్పడం మర్చిపోయింది కాబోలు.

మామయ్య ఇల్లు షెడ్డు నుంచి నాలుగు వీధులు. చేతులు కడుక్కుని వెళ్ళాను, బెల్టు రంధ్రం ఒకటి వదులు చేసుకుని. ముందు గదిలో ఒడిలో ఫ్యాను కాయిలు పెట్టుకుని తీగ చుడుతున్నాడు. తల ఎత్తలేదు, చుట్లు లెక్కపెడుతున్నప్పుడు ఎత్తడు. నూట పద్దెనిమిది దగ్గర ఆగి, చాక్‌పీసుతో నేలమీద గీత పెట్టుకుని, ఏంట్రా ఈ వేళప్పుడు అన్నాడు. నేను జేబులోంచి టెస్ట్ బల్బు తీసి ఆయన ముందు పెట్టాను. దాన్ని తీసి బల్ల కింద ఉన్న బ్యాటరీకి ఆనించి చూశాడు. వెలిగింది.

"బల్బు మార్చావా?"

"లేదు మామయ్యా. అదే."

"పందొమ్మిదేళ్ళకీ మాడిపోలేదంటే, వాడలేదన్నమాట."

"ఇవాళ ఒక్కసారి పెట్టి చూశాను," అన్నాను. ఫొటోలాయన బండి వచ్చిందని, ఎక్కడ దూరానో, ఎక్కడ ఇరుక్కున్నానో, టేపు కింద ఏముందో చెప్పాను. అనుకున్నంత సేపు పట్టలేదు. చివర్న, "మీ కళ్ళు బాగానే ఉన్నాయి మామయ్యా, ఆ రోజు కూడా," అన్నాను. ఎన్నో రకాలుగా అనుకుంటూ వచ్చిన మాట, నోట్లోంచి వచ్చేసరికి ఇంతే మిగిలింది.

ఆయన బల్బు వైర్లని వేళ్ళకి చుట్టుకుంటూ విన్నాడు. నేను చుట్టే చుట్ట కాదు, ఆయన చుట్ట, పట్టుకున్నచోట వదులు, కొసల దగ్గర బిగువు. "గీకావా, లేక బోల్టు బిగించి వచ్చావా?" అని అడిగాడు.

"గీకాను. తెల్లగా మెరిసేదాకా."

"గ్రీజు?"

"రాశాను. విప్పి మళ్ళీ బిగించాను."

ఊఁ అన్నాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు, కుర్చీ ఆయనతోపాటు లేవలేదు, చిక్కిపోయాడు, అది నేను ఇవాళే చూశాను. కిటికీ దగ్గరికి వెళ్ళి బల్బుని మేకుకి తగిలించి, ఒకసారి సర్ది, వచ్చి కూర్చున్నాడు. అత్తయ్య లోపల్నుంచి ఎవరూ అని అడిగితే, మనవాడే అన్నాడు. తర్వాత తీగ కొస నా వైపు చాచి, "ఇది గట్టిగా పట్టుకో. నూట పద్దెనిమిది అయ్యాయి," అన్నాడు. ఆ మేకు కనబడేలా ఎదురుగా కూర్చుని, పట్టుకున్నాను.